తలుపు వెనక గొంతు

మా వీధిలో ఎవరింట్లో గిన్నె జారిపడ్డా ముందు నాకే తెలుస్తుంది. కుట్టుమిషను కిటికీ పక్కన వేసుకుని కూర్చుంటాను. కళ్లు గుడ్డ మీద ఉంటాయి కానీ చెవులు ఖాళీయే కదా. పైగా మా ఇంటికీ గొంతక్క ఇంటికీ మధ్య ఒకటే గోడ. అందుకని ఆవిడ గురించి చెప్పడానికి నాకు కాస్త హక్కుందనుకుంటాను.

గొంతక్కని మీరు చూసి ఉండరు. విని మాత్రం ఉంటారు. హత్యల సినిమాలు తీసి అంత పేరు తెచ్చుకున్న పెద్దాయన ఉన్నాడే, మేమంతా తలుపుల డైరెక్టరు అనేవాళ్లం, ఆయన సినిమాల్లో తలుపు వెనక ఏడ్చేది మా గొంతక్కే.

ఆయన సినిమాలో హత్య తప్పకుండా ఉంటుంది. కత్తి మాత్రం కనబడదు. చంపేవాడు లోపలికి వెళతాడు, తలుపు పడుతుంది. అంతే, కెమెరా ఆ తలుపు ముందే నిలబడిపోతుంది. మనం ఆ చెక్కనీ, గొళ్లేన్నీ, ఏ పిల్లాడో గీసిన సుద్దగీతల్నీ చూస్తూ కూర్చోవాలి. కాసేపటికి లోపలినుంచి ఒక తల్లి ఏడుస్తుంది. హాలు మొత్తం గడ్డకట్టుకుపోతుంది. ఇంకో సంగతి కూడా గమనించే ఉంటారు. చంపేవాడు ఎప్పుడూ బయటివాడు కాడు, ఆ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నవాడే. చివరికొచ్చేసరికి, పోయినవాడు సగంలో వదిలేసిన పని ఏదో ఒకటి ఎవరో ఒకరు పూర్తి చేస్తారు. తెగిన చెప్పు కుట్టిస్తారు, విరిగిన కుర్చీ కాలు అతికిస్తారు. సినిమా పేర్లు మారేవి, పోయేవాళ్లు మారేవాళ్లు. తలుపు, ఏడుపు, ఆ మిగిలిన పని మాత్రం మారేవి కావు.

గొంతక్క అందులోకి ఎలా వెళ్లిందో వింటే నవ్వొస్తుంది. వాళ్లాయనకి మోటార్లు బాగుచేసే కొట్టు ఉండేది. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు, ఏది కాలిపోయినా రాగితీగ విప్పి మళ్లీ చుట్టేవాడు. నాకు బావ వరస. మాటలు తక్కువ, దగ్గు ఎక్కువ. ఒకసారి రికార్డింగు గదిలో పంకా మోటారు చప్పుడు చేస్తోందంటే బావ వెళ్లాడు. మధ్యాహ్నం అక్క క్యారేజీ పట్టుకెళ్లింది. ఆ గదిలో పొద్దుటినుంచీ ఒక నటిచేత ఏడిపిస్తున్నారట. డైరెక్టరు విసిగిపోయి, "నీ కొడుకు పోయాడమ్మా, నీకు జలుబు చెయ్యలేదు" అని బయటికి వెళ్లిపోయాడట. వెనకే మిగతావాళ్లూ వెళ్లారట. టేపు ఆపడం ఎవరికీ గుర్తులేదు. బావ ఆ సందు చూసుకుని స్టూలెక్కాడు. స్టూలు కాలు జారింది. తలుపవతల వరండాలో నిలబడ్డ అక్కకి దభీమన్న చప్పుడు వినబడింది. పని మధ్యలో ఎవరూ రాకుండా బావ తలుపు లోపల గడియ వేసుకున్నాడు. ఆవిడ ఏడ్చింది.

లోపలినుంచి బావ, "ఏం కాలేదే, ఊరుకో. మోచెయ్యి గీరుకుంది, అంతే" అన్నాడు.

డైరెక్టరు పరిగెత్తుకొచ్చాడు. పడ్డవాణ్ణి చూడలేదు. "ఇప్పుడు ఏడ్చిందెవరు?" అన్నాడు.

బావ ఈ కథని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. "నేను పడితే ఒక్కడూ లేపలేదు. దానికి మాత్రం ఉద్యోగం ఇచ్చారు." చెప్పి, దగ్గి, మళ్లీ తీగ చుట్టుకునేవాడు.

అదిగో, అలా మొదలైంది. ఆ తర్వాత ఆయన ఏ సినిమా తీసినా అక్కకి కబురొచ్చేది. ఒంటరిగా వెళ్లడానికి బెరుకు, నన్ను తోడు తీసుకెళ్లేది. అందువల్ల ఆయన పని ఎలా ఉండేదో నేను కళ్లారా చూశాను. గదిలో దీపాలన్నీ ఆర్పేవాడు. అక్క పక్కన ఒక పీట వేసుకుని కూర్చునేవాడు. ఎవరు పోయారు, ఎలా పోయారు, అవేం చెప్పేవాడు కాదు. "వాడు పొద్దున తువ్వాలు తలుపు మీద ఆరేసి వెళ్లాడు తల్లీ. ఇంకా తడిగానే ఉంది. చొక్కా గుండీ ఊడిందన్నాడు, నువ్వు సాయంత్రం కుడతానన్నావు. సూదిలో దారం కూడా ఎక్కించి పెట్టావు." ఇలా మెల్లగా, పక్కింటి కబురు చెప్పినట్టు చెప్పేవాడు. చెప్పి లేచి వెళ్లిపోయేవాడు. ఆ తర్వాత అక్క ఏడిస్తే నాకు ఇంటికెళ్లి పిల్లల్ని ఒకసారి లెక్క చూసుకోవాలనిపించేది.

బయటికొచ్చాక మాత్రం ఏమీ జరగనట్టే ఉండేది. "చెల్లీ, బంగాళాదుంపలు తీసుకోవాలి, గుర్తుచెయ్యి" అనేది.

ఆయన దశ కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. మొదటి సినిమాలు ఆడి, బహుమతులొచ్చాయి. మధ్యలో డబ్బు పెట్టేవాళ్లు, తలుపులు చాలు, తుపాకులు చూపించమన్నారు. చూపించాడు. అవి మూడు రోజులు కూడా ఆడలేదు. తుపాకుల సినిమాల్లో అక్కకి పని లేదు. "ఆయన తలుపు తెరిచేశాడు చెల్లీ, లోపల ఏముంటుంది, ఎర్రరంగు" అనేది. ముసలితనంలో మళ్లీ తలుపులకే వచ్చాడు. మళ్లీ బహుమతులు. అప్పటికి ఆయనకి చెవులు మందగించడం మొదలైంది.

బావ కొట్టులోనే పోయాడు. పట్టపగలు, బల్ల ముందు కూర్చుని ఉండగానే. గుండె. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. వీధి వీధంతా వచ్చింది. నిజం చెప్పాలంటే సగంమంది బావని చూడ్డానికి, సగంమంది గొంతక్క ఏడుపు వినడానికి వచ్చారు. మనుషులు అంతే, నేనూ మనిషినే.

అక్క వచ్చి ఆయన తల పక్కన కూర్చుంది. నోరు తెరిచింది. ఒక్క ఏడుపు లేచింది, ఇంటి పైకప్పు దాకా లేచి, మధ్యలో టక్కున ఆగిపోయింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. ఇక ఆ రోజు గానీ, ఆ తర్వాత చాన్నాళ్లు గానీ ఆవిడ ఏడుపు లేవలేదు. కంట్లో నీళ్లున్నాయి, చప్పుడు లేదు.

వాళ్లకి ఒకతే కూతురు. రక్తపరీక్షలు చేసే చోట పని. నాన్న కూచి. చిన్నప్పటినుంచీ బడి అయ్యాక కొట్టులో నాన్న పక్కనే కూర్చుని తీగచుట్టలతో ఆడుకున్న పిల్ల. అందరూ వెళ్లాక తల్లి ముందు నిలబడి ఒకే ఒక్క మాట అంది.

"మైకు లేదనా అమ్మా, ఆపేశావ్?"

నేను అక్కడే ఉన్నాను. ఆ మాట నాకే తగిలింది, ఇక తల్లికి ఎలా తగిలి ఉంటుందో. పిల్ల బట్టలు సర్దుకుని, పనిచేసే చోటుకి దగ్గరగా గది తీసుకుని వెళ్లిపోయింది. తల్లితో మాట మానేసింది.

కొన్నాళ్లకి అక్కే చెప్పింది నాకు. "నోరు తెరవగానే ఏమొచ్చిందో తెలుసా చెల్లీ? మొదటి సినిమాలోది. అదే లేవడం, అదే విరగడం. ఊళ్లో వాళ్లంతా టిక్కెట్టు కొని విన్నది. కట్టుకున్న మగాడు పోతే, వాడేసింది తీసుకొచ్చి పెడతానా? సిగ్గేసింది. నోరు మూసుకున్నాను. కొత్తది వస్తుందేమో అని చూస్తున్నాను. రావట్లేదు."

నేను ఆగుతానా, పిల్ల దగ్గరికెళ్లి చెప్పాను. అంతా విని, "పిన్నీ, నువ్వు కూడా డబ్బింగు చెప్పకు" అంది. లేచొచ్చేశాను.

ఆ తర్వాత అక్కకి గొంతు బొంగురుపోవడం మొదలైంది. దిగులని కొందరు, చలిగాలని కొందరు. చూపిస్తే గడ్డ అన్నారు. ప్రాణం నిలవాలంటే గొంతులో మాట పుట్టే చోటునే తీసెయ్యాలన్నారు. ఆపరేషన్ తర్వాత మాట ఉండదు, ఏడుపు ఉండదు, నవ్వినా చప్పుడుండదు.

సరిగ్గా అప్పుడే తలుపుల డైరెక్టరు మా వీధిలోకి వచ్చాడు. చేతికర్ర, చెవిలో మిషను. చివరి సినిమా తీస్తున్నాడట, ఒక్క ఏడుపు కావాలట. అక్క విషయం చెప్పింది. ఆయన కర్ర పిడి నిమురుతూ, "అయితే వద్దులే తల్లీ, గొంతు దాచుకో" అన్నాడు.

"దాచుకుని ఏం చేసుకోను సార్, వాళ్లు కోసి పళ్లెంలో పెట్టేదేగా. వస్తాను. కానీ ముందు ఆయన కోసం ఒక్కసారి ఏడవాలి. ఇంట్లో రావట్లేదు. మీ గదిలో, దీపాలార్పి, మీరు చెబితేనే నాకు అలవాటు. ఆ తర్వాత మిగిలింది మీ ఇష్టం, ఎలా కావాలంటే అలా ఏడుస్తాను."

"మీ ఆయన ఏమేం సగంలో వదిలి వెళ్లాడో నాకేం తెలుసు తల్లీ?"

"మీకు తెలీదు. నాకూ తెలీదు. ఆ కొట్టు తాళం అమ్మాయి దగ్గరుంది." మళ్లీ తనే అంది. "అదొచ్చి చెబితే బాగుండును. అది వినాలి నాకు. అది నన్ను వినాలి."

అంతే ఆవిడ అడిగింది. గొంతు పోయేలోపు, కూతురు వినేలా, భర్త కోసం ఒక్క ఏడుపు.

మర్నాడు పొద్దున నేనే ఆయన్ని పిల్ల పనిచేసే చోటికి తీసుకెళ్లాను. అక్కడ టోకెన్ లేనిదే లోపలికి పోనివ్వరు. పాపం, అంత పెద్దమనిషీ వరసలో కూర్చుని తన వంతు వచ్చేదాకా ఆగాడు.

పిల్ల ఆయన్ని గుర్తుపట్టింది. మొహం బిగిసింది. "ఏ పరీక్షండీ?" అంది.

"ఏదో ఒకటి చెయ్యమ్మా. నీతో మాట్లాడాలంటే చెయ్యి చాపాలన్నారు."

రబ్బరు పట్టీ కట్టింది. పిడికిలి బిగించమంది. ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"అన్ని హత్యలు తీశారు. సూదికి భయమేంటండీ?"

"నేనెప్పుడూ తలుపు బయటే ఉన్నానమ్మా" అన్నాడు.

కళ్లు మూసుకునే చెప్పాడు. "మా అన్నని మా ఇంట్లోనే చంపారు. చంపినవాడు అంతకుముందు మా పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. నేను చిన్నవాణ్ణని నన్ను బయటికి నెట్టి తలుపేశారు. మా అమ్మ లోపలే ఉంది. ఏడుస్తుందని తలుపుకి చెవి పెట్టుకుని నిలబడ్డాను. ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. తలుపు తీసి, గిన్నెలు కడుక్కుంది. నాకు ఆవిడంటే అసహ్యం పుట్టింది. పోయేదాకా సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకు ఏడవలేదమ్మా అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడగలేక ఇన్ని సినిమాలు తీశాను." కళ్లు తెరిచాడు. "నీకింకా అడగడానికి టైముంది. ఆపరేషన్ అయ్యాక నువ్వడిగినా చెప్పడానికి ఆవిడకి గొంతుండదు."

పిల్ల దూది పెట్టి అదిమింది. "చెయ్యి మడిచి పట్టుకోండి" అంది. గుమ్మం వైపు చూసి, "తర్వాతి వాళ్లు రండి" అంది.

రికార్డింగు రోజూ, అక్కడ తనేం చెప్పాలో చెప్పి వచ్చాం గానీ, రాదనుకున్నాం. చెప్పిన రోజున మేం వెళ్లేసరికి రికార్డింగు గది మెట్ల మీద కూర్చుని ఉంది. తల్లి వైపు చూడలేదు. మాతోపాటు లోపలికి వచ్చింది.

దీపాలు ఆర్పారు. అక్క తన చోట కూర్చుంది. ఎప్పుడూ ఆయన కూర్చునే పీట మీద పిల్ల కూర్చుంది. నేను గోడకి ఆనుకున్నాను. అద్దం అవతల సౌండాయన, ఆయనా ముసలాడైపోయాడు, చిన్న ఎర్రలైటు వేసుకుని ఉన్నాడు. డైరెక్టరు ఆయన పక్కన.

మొదట పిల్ల గొంతు రాయిలా ఉంది. "బల్ల మీద ఎవరిదో మిక్సీ మోటారు ఉంది. సగం తీగ చుట్టాడు. మిగతా సగం కిందికి వేలాడుతోంది. నేను కదపలేదు. కళ్లజోడు పుల్ల విరిగితే దారం కట్టుకున్నాడు. జీతం రాగానే కొత్తది చేయిస్తానన్నాను, వద్దులే, దీంతోనే బాగా కనబడుతోంది అన్నాడు. టీ గ్లాసు మీద సాసరు మూత పెట్టాడు, చల్లారకుండా. నేను వెళ్లేసరికి టీ అలాగే ఉంది." ఇక్కడినుంచి గబగబా చెప్పింది. "అంతకుముందు నాకు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. వరసలో జనం ఉన్నారని ఎత్తలేదు. ఏం చెబుదామనుకున్నాడో."

ఈ చివరిది ఎవరికీ తెలీదు. తల్లికీ తెలీదు, నాకూ తెలీదు. ఇన్నాళ్లూ ఆ పిల్ల దాన్ని కడుపులో పెట్టుకుని తల్లిమీద కోపం అని పేరు పెట్టుకుంది.

చీకట్లో అక్క ఏడుపు లేచింది. బొంగురుగానే ఉంది కానీ అదే. నాకే తెలిసిపోయింది అదేనని. మధ్యలో ఆగిపోయింది.

"విన్నావా" అంది అక్క. "ఇదే వస్తోందే. ఆ రోజూ ఇదే వచ్చింది. సినిమాకి ఇచ్చేసింది. మీ నాన్నకి ఎలా పెట్టను ఇది? అందుకే ఆపేశాను. మైకు లేదని కాదు తల్లీ."

తలుపు తోసుకుని డైరెక్టరు లోపలికి వచ్చాడు. చెవిలో మిషనుతో మిగతావేవీ సరిగ్గా వినబడకపోయినా ఆయనకి ఈ గొంతు మాత్రం వినబడేది. "ఆ ఏడుపు మొదటిసారి ఎవరి కోసం వచ్చింది తల్లీ?" అన్నాడు.

పిల్లే అడిగింది. "స్టూలు మీంచి పడ్డప్పుడా? తర్వాత సినిమా కోసం మళ్లీ ఏడిపించారు కదా?"

"మళ్లీ ఏడిపించలేదమ్మా. సినిమాలో పెట్టింది అదే. చెవి పెట్టి వింటే స్టూలు చప్పుడు కూడా ఉంటుంది. అది మీ నాన్నదే. మేమే తీసుకున్నాం." కర్ర మీద బరువు వేసి నిలబడ్డాడు. "చివర్లో ఆయన మాట కూడా టేపు మీద పడింది. ఏం కాలేదే, ఊరుకో, అని."

"ఆ ముక్క ఉందా?"

"లేదమ్మా. కత్తిరించి పారేశాం. అప్పుడది మాకు అడ్డం."

పిల్ల మొహం నాకు కనబడలేదు, చీకటి. పీట కిర్రుమన్న చప్పుడు, తర్వాత తల్లి దగ్గరికి జరిగిన చప్పుడు వినబడ్డాయి.

అప్పుడు ఏడ్చింది గొంతక్క. అదే ఏడుపు, మొదటినుంచీ. ఎప్పుడూ విరిగేచోట విరిగింది, అక్కడ ఆగలేదు. సినిమాలో కత్తిరించిన చోటు దాటిపోయింది. ఆ అవతల ఏముందో అంతవరకూ ఎవరూ వినలేదు. నేను చెప్పలేను కూడా. నా చెంగు తడిసిపోయింది, అంతే చెప్పగలను. అద్దం వైపు చూస్తే ఎర్రలైటు ఆరిపోయి ఉంది. లోపలికి వచ్చేముందే డైరెక్టరు టేపు ఆపించేశాడట.

దీపాలు వేశాక అక్క, "ఇప్పుడు మీది సార్" అంది. మాట సగం గాలే.

"నాది అయిపోయింది తల్లీ, ఇంటికెళ్లు" అన్నాడు.

ఆపరేషన్ అయింది. పిల్ల తన గది ఖాళీ చేసి తల్లి దగ్గరికి వచ్చేసింది. నాతో పని ఉంటే అక్క మా మధ్య గోడ మీద చెంచాతో కొట్టేది. మెల్లగా కొడితే ఊరికే రమ్మని, గట్టిగా కొడితే కబుర్లు మోసుకుని రమ్మని. ఆ మిక్సీ మోటారుని పిల్ల తనే కూర్చుని మిగతా తీగ చుట్టింది. తిరిగింది, కాకపోతే ఉల్టా తిరిగింది. అక్క దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకుని చూసింది.

సినిమా వచ్చినప్పుడు ముగ్గురం వెళ్లాం. అక్క మెడకి గుడ్డ చుట్టుకుంది. చంపేవాడు లోపలికి వెళ్లాడు, తలుపు పడింది, చెక్క, గొళ్లెం. ఏడుపు లేదు. అలాగే ఉంది తలుపు, చిన్న చప్పుడైనా లేదు. వెనకనుంచి ఒకడు "సౌండు" అని అరిచాడు. ఇంకొకడు ఈల వేశాడు. హాలంతా అందుకుంది. పైన మిషను నడిపేవాడు కంగారుగా తల బయటికి పెట్టి చూశాడు. పక్కన అక్క భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని చెయ్యి పట్టుకున్నాను. నవ్వుతోంది. ఆ నిశ్శబ్దం గురించి పేపర్లలో గొప్పగా రాశారట, నేను చదవలేదు.

గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి కోయడానికి ఏం మిగల్లేదన్నారు. ఒక మధ్యాహ్నం గోడ మీద చెంచా మోగింది, గట్టిగానూ కాదు, మెల్లగానూ కాదు. కొట్టింది పిల్ల. డైరెక్టరుకి కబురు పెట్టాను. వచ్చాడు. అప్పటికి ఆయనకి ఆ చెవి మిషనుతో కూడా లాభం లేదు. లోపల తల్లీ కూతుళ్లు ఉన్నారని, తలుపు బయటే, నా కుర్చీ తెచ్చి వేస్తే కూర్చున్నాడు. పిల్ల తలుపు దగ్గరగా వేసింది.

అక్కకి ఆయాసం. ఏడవాలన్నా గొంతు లేదు, ఊపిరి గరగరా వినబడుతోంది బయటికి. లోపల పిల్ల ఏదో అంటోంది, అన్నదే అంటోంది. కాసేపటికి గరగర ఆగింది. పిల్ల మాత్రం ఆపలేదు.

డైరెక్టరు తలుపు వైపు చూస్తున్నాడు. నా మోచెయ్యి తట్టాడు. "ఏమంటోంది?"

ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. "ఏం కాలేదమ్మా, ఊరుకో, అంటోందండీ."

వినబడలేదేమో అనుకున్నాను. కర్ర ఒడిలోకి తీసుకున్నాడు. 

"ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు.

చెప్పాను.